మత్తు జబ్బే, దాచితేనే ముప్పు
(అనంతపురం మహల్లా సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇటీవల ఒక తండ్రి నా వద్దకు వచ్చారు. కరువుకు సేద్యం విడిచి కుమారుణ్ణి బెంగళూరు పనికి పంపితే, అతడు గంజాయికి బానిసై తిరిగివచ్చాడు. "భాయ్, పెళ్లి చేస్తే మానుతాడేమో, సంబంధం చూడండి" అన్నారు. ఆసుపత్రికి తీసుకువెళ్లారా అని అడిగాను. "కేసు పెడితే?" అన్నారు.

ఈ భయమే జబ్బును ముదరబెడుతున్నది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా స్వల్ప పరిమాణం కేసులోని వ్యసనపరుడు గుర్తింపు పొందిన కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్స కోరితే ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఉన్నది. చికిత్సను మధ్యలో విడిస్తే ఆ రక్షణ పోవచ్చును.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. గొలుసులతో కట్టివేయడాన్ని నిషేధించింది. గదిలో పెట్టి తాళం వేయడం ప్రాణాపాయం కూడా. దీర్ఘకాలం అతిగా త్రాగినవారు మద్యం హఠాత్తుగా ఆపితే మూర్ఛలు రావచ్చును. తొలి రోజులు వైద్యుని పర్యవేక్షణలో మందులు, ఆపై నెలల తరబడి కౌన్సెలింగ్ అవసరం. మళ్లీ జారితే అది ఓటమి కాదు. తిరిగి వైద్యుని వద్దకు వెళ్లాలి.

మొదట మన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగాన్ని అడగండి. 14446 వ్యసన విముక్తి సహాయవాణి, 14416 టెలి మానస్, రెండూ ఉచితం. ప్రైవేటు కేంద్రమైతే రిజిస్ట్రేషన్, వైద్యుని హాజరు చూడనిదే డబ్బు కట్టవద్దు.

దుఆ చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం. పెళ్లి మాత్రం మందు కాదు. మరొకరి బిడ్డ బ్రతుకును పణంగా పెట్టవద్దు. రేపు ఆ తండ్రితో నేనూ ఆసుపత్రికి వెళుతున్నాను. తోడు కావలసినవారు నమాజు తరువాత నన్ను కలవండి.