చదువు కోసం వచ్చిన పరదేశి: కట్టమంచి రామలింగారెడ్డి స్మారకోపన్యాసం



కట్టమంచి రామలింగారెడ్డిగారిని తలుచుకునే సభల్లో సాధారణంగా ఆయన రాసిన ‘ముసలమ్మ మరణము’ గురించో, ‘కవిత్వ తత్త్వ విచారము’ గురించో మాట్లాడతారు. అది న్యాయమే. నేను మాత్రం ఈ సాయంత్రం ఆయన విద్యార్థి దశను పట్టుకుని మాట్లాడదలిచాను. చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టిన ఆ యువకుడు ప్రభుత్వ ఉపకార వేతనంతో కేంబ్రిడ్జి వెళ్లి, సెయింట్ జాన్స్ కాలేజీలో చేరి, అక్కడి యూనియన్ చర్చాసంఘానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆ పదవికి ఎన్నికైన తొలి భారతీయుడు ఆయనే. ఏలికల విశ్వవిద్యాలయంలో ఏలుబడి కింది దేశపు కుర్రవాడికి అలాంటి చోటు దొరకడానికి ఆయన వాగ్ధాటి ఒక కారణం. మరో కారణం కూడా ఉంది. విద్యార్థులే నడుపుకునే సంఘాలు యూరప్‌లో చాలా పాతవి. వాటిని మొదట కట్టుకున్నవాళ్లు పరాయి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే.

ఎనిమిదిన్నర శతాబ్దాలుగా యూరప్ పరదేశి విద్యార్థిని మూడు రకాలుగా చూసింది. హక్కులున్న సభ్యుడిగా చూసింది. కనిపెట్టి ఉండాల్సిన అనుమానితుడిగా చూసింది. డబ్బు కట్టే ఖాతాదారుగా చూసింది. ఇవి ఒకటి పోయి ఒకటి వచ్చినవి కావు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నవి. ఇవాళ శంషాబాద్‌లో విమానం ఎక్కే మన పిల్లలకు మూడూ ఒకేసారి ఎదురవుతున్నాయి. అందుకే వాళ్లకు ఈ చరిత్ర తెలిసి ఉండాలని నా కోరిక.

బొలోన్యాతో మొదలుపెడతాను. పన్నెండో శతాబ్దంలో రోమన్ న్యాయశాస్త్రం చదవాలంటే ఇటలీలోని ఆ ఊరికే పోవాలి. జర్మన్ సీమల నుంచి, ఫ్రాన్స్ నుంచి, ఇంగ్లండ్ నుంచి యువకులు ఆల్ప్స్ పర్వతాలు దాటి వచ్చేవారు. పౌరుడు కానివాడికి ఊరి చట్టం అండగా ఉండని కాలం అది. ఒక దేశపు వర్తకుడు అప్పు ఎగ్గొట్టి పోతే, అదే దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రవాడి సొత్తు జప్తు చేసుకునే ఆచారం ఉండేది. చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా 1150లలో ‘హబీతా’ అని పేరుపడ్డ శాసనంతో దాన్ని నిషేధించాడు. తోటి దేశస్థుడి అప్పు కింద విద్యార్థిని పట్టుకున్నవాడు తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇవ్వాలి. విద్యార్థి మీద వ్యాజ్యం వేస్తే, తన గురువు ముందో ఊరి బిషప్ ముందో విచారణ కోరే హక్కు అతనికి ఉంటుంది. చదువు కోసం దారి పట్టినవాడికి దారిలోనూ, చదివేచోటా రక్షణ ఉంటుంది. యూరప్ ఉన్నత విద్యకు పునాది అనదగిన ఆ శాసనంలో పాఠ్యాంశాల ఊసు లేదు, పట్టాల ఊసు లేదు. ఉన్నదల్లా ఊరుగాని ఊరికి వచ్చిన విద్యార్థి భద్రత.

శాసనం ఉన్నంత మాత్రాన అది అమలు కాదని విద్యార్థులు త్వరలోనే గ్రహించారు. ఆల్ప్స్ అవతలివారు ఒక సంఘంగా, ఇవతలివారు ఒక సంఘంగా ఏర్పడ్డారు. బొలోన్యా పౌరులైన విద్యార్థులకు అందులో సభ్యత్వం లేదు. ఊరి హక్కులు పుట్టుకతో ఉన్నవాళ్లకు ఈ సంఘం అవసరం లేదు. రెక్టర్‌ను విద్యార్థులే తమలోంచి ఎన్నుకునేవారు. ఆచార్యులు ఆ రెక్టర్‌కు కట్టుబడి ఉంటామని ప్రమాణం చేసేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెడితే జరిమానా, కష్టమైన భాగం దాటవేస్తే జరిమానా. ఊరు విడిచి వెళ్లాలంటే విద్యార్థుల అనుమతి కావాలి. ఇంటి అద్దెలు తేల్చడానికి ఊరి తరఫువాళ్లు, విద్యార్థుల తరఫువాళ్లు కలిసి కూర్చునేవారు. ఆ మాట తప్పి ఎక్కువ అద్దె అడిగిన యజమాని ఇంట్లో ఏ విద్యార్థీ దిగకూడదు.

ఇంత పట్టు ఎలా వచ్చిందో గమనించండి. మొదటిది, వాళ్లు ఆచార్యుడికి ఇచ్చే రుసుమును కలిసి పోగుచేసి, కలిసి బేరమాడి ఇచ్చేవారు. రెండోది, మూకుమ్మడిగా ఊరు విడిచి వెళ్లిపోగలిగేవారు. అప్పటి విశ్వవిద్యాలయానికి సొంత భవనాలు లేవు. మనుషులు కదిలితే విశ్వవిద్యాలయమే కదిలేది. 1222లో బొలోన్యా నుంచి వెళ్లినవారితో పాదువా విశ్వవిద్యాలయం వెలిసింది. 1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఒక హత్య దరిమిలా ఊరివాళ్లు విద్యార్థులను ఉరితీస్తే, మిగిలినవాళ్లలో కొందరు వెళ్లి కేంబ్రిడ్జిలో చదువులు మొదలుపెట్టారు. రామలింగారెడ్డిగారు చదివిన కేంబ్రిడ్జి చరిత్ర అలా అలిగి లేచి వచ్చినవాళ్లతో మొదలైంది. 1409లో బొహీమియా రాజు నాలుగో వెన్సెస్లాస్ ప్రాగ్ విశ్వవిద్యాలయంలో స్థానికులకు మూడు ఓట్లు, బయటివాళ్లందరికీ కలిపి ఒక్కటే ఓటు అని ఆజ్ఞ ఇచ్చాడు. జర్మన్ ఆచార్యులు, విద్యార్థులు పెద్ద సంఖ్యలో తరలిపోయారు. లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం పుట్టింది ఆ ఏడాదే. యూరప్ అంతా వచ్చి చదివిన ప్రాగ్ స్థాయి ఆ దెబ్బతో తగ్గిపోయింది.

పరదేశికి చోటిచ్చిన ఊళ్లకు దక్కిన ఫలం తక్కువది కాదు. 1496లో బొలోన్యాలోని జర్మన్ విద్యార్థుల సంఘం చిట్టాలోకి ఎక్కిన పేర్లలో కోపర్నికస్ పేరు ఉంది. చర్చి చట్టం చదవడానికి వెళ్లిన అతను అక్కడి ఖగోళ శాస్త్రవేత్త నొవారా దగ్గర నక్షత్రాలను పరిశీలించడం నేర్చుకున్నాడు. రక్తప్రసరణను నిరూపించిన విలియం హార్వే 1602లో పాదువాలో పట్టా పుచ్చుకున్న ఆంగ్లేయుడు. పట్టా కావాలంటే కాథలిక్ విశ్వాసాన్ని ప్రకటించాలని 1564లో పోప్ ఆజ్ఞ వచ్చినా, పాదువాను ఏలే వెనిస్ గణరాజ్యం ఆ షరతు లేకుండా పట్టాలిచ్చే దారులు వెతికింది. ప్రొటెస్టెంట్లు, యూదులు అక్కడ వైద్యం చదువుకోగలిగారు.

ఇక రెండో చూపు, అనుమానం. జ్యూరిక్ విశ్వవిద్యాలయం 1867లో నదేజ్దా సుస్లోవా అనే రష్యన్ యువతికి వైద్యంలో డాక్టరేట్ ఇచ్చింది. అర్ధబానిసగా పుట్టి విముక్తుడైన రైతు కూతురు ఆమె. సొంత దేశంలో విశ్వవిద్యాలయం తలుపు మూసేస్తే పరదేశంలో తెరుచుకుంది. ఆమె దారిలో రష్యన్ యువతులు గుంపులుగా జ్యూరిక్ చేరారు. విప్లవ భావాలు అంటించుకుంటున్నారని, నడత చెడిందని నింద వేసి జార్ ప్రభుత్వం 1873లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. 1874 జనవరి 1 తర్వాత జ్యూరిక్‌లో చదువు సాగించే స్త్రీలకు రష్యాలో పరీక్షలకు, ఉద్యోగాలకు దారి ఉండదన్నది దాని సారాంశం. చాలామంది జ్యూరిక్ వదిలి వేరే ఊళ్లలో చదువు కొనసాగించారు. అక్కడ అనుమానించింది ఆతిథ్యమిచ్చిన దేశం కాదు, కన్న దేశమే.

భారతీయ విద్యార్థికి అనుమానం రెండు వైపుల నుంచీ వచ్చింది. 1909 జూలైలో మదన్‌లాల్ ఢింగ్రా లండన్‌లో బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చి చంపాడు. ఢింగ్రా లండన్ యూనివర్సిటీ కాలేజీ విద్యార్థి. ఆ తర్వాత బ్రిటన్‌లో భారతీయ విద్యార్థుల మీద నిఘా ముమ్మరమైంది. సహాయం పేరుతో ప్రభుత్వం పెట్టిన సమాచార కార్యాలయాన్ని కూడా విద్యార్థులు అనుమానంతోనే చూశారు. మన వరాహగిరి వెంకటగిరిగారి కథ ఇంకా సూటిగా చెబుతుంది. బరంపురం తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్లారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఐరిష్ స్వాతంత్ర్య వీరులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో దేశం విడిచిపొమ్మని ఆయనకు నోటీసు ఇచ్చారు. తర్వాతి కాలంలో రైల్వే కార్మికులను కూడగట్టి, రాష్ట్రపతి పదవి దాకా వెళ్లిన మనిషి ఆయన.

అయితే అనుమానం చుట్టుముట్టిన ఆ రోజుల్లోనూ విద్యార్థులు ఒంటరిగా మిగిలిపోలేదు. ఎడిన్‌బరోలో 1883లోనే భారతీయ విద్యార్థులు సంఘం పెట్టుకున్నారు. కేంబ్రిడ్జిలో 1891లో మజ్లిస్ ఏర్పడింది. ఎడిన్‌బరో హోటళ్లు, నాట్యశాలల్లో కొన్ని రంగు చూసి మనుషులను ఆపినప్పుడు, 1927లో గట్టిగా నిలదీసింది ఆ విద్యార్థి సంఘమే. బొలోన్యాలో ఏడు వందల ఏళ్ల కిందట జరిగిందే, పేర్లు మార్చుకుని మళ్లీ జరిగింది.

డబ్బు కట్టే ఖాతాదారుగా చూసే మూడో చూపు మన కాలానిది. దానికి ముందు, పాత హక్కు యూరప్ పిల్లలకు తిరిగి దక్కిన కథ చెప్పాలి. రోమ్‌కు చెందిన సోఫియా కొరాది అమెరికాలో న్యాయశాస్త్రం చదివి 1958లో ఇంటికి వస్తే, అక్కడి విశ్వవిద్యాలయం ఆ చదువును లెక్కలోకి తీసుకోలేదు. ఆ అవమానాన్ని ఆమె మనసులోనే దాచుకోలేదు. ఒక దేశంలో చదివింది మరో దేశంలో చెల్లాలని దశాబ్దాల పాటు వాదించారు. 1987లో యూరప్ దేశాల మధ్య విద్యార్థుల మార్పిడికి ఎరాస్మస్ పథకం మొదలైంది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. 1999 జూన్ 19న 29 దేశాల మంత్రులు బొలోన్యాలోనే సమావేశమై డిగ్రీల తీరు ఒకే వరుసలోకి తెచ్చే ప్రకటన చేశారు. ఎరాస్మస్ మీద వెళ్లిన విద్యార్థి ఆతిథ్య విశ్వవిద్యాలయానికి ఫీజు కట్టనక్కర్లేదు. యూరప్ తన పిల్లలకు పాత హక్కును కొత్తగా ఇచ్చుకుంది.

ఆ హక్కు సరిహద్దు దగ్గరే ఆగిపోయింది. బ్రిటన్ 1980 నుంచి విదేశీ విద్యార్థుల దగ్గర పూర్తి ఖర్చు వసూలు చేయడం మొదలుపెట్టింది. స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో యూరోపియన్ ఆర్థిక ప్రాంతం బయటివారికి ఫీజు పెట్టాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు ఇప్పటికీ ట్యూషన్ ఫీజు తీసుకోవు. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు విధించింది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 నుంచి అలాంటివారి దగ్గర మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల దాకా తీసుకుంటోంది. ఫీజు లేనిచోట కూడా, ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే నెలకు కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలన్నది 2024లో వచ్చిన లెక్క. జర్మనీలో ఇప్పుడు విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. 2023-24లో వాళ్లు 49 వేలు దాటారు.

ఈ సంఖ్యల వెనక ఉన్న ఇళ్లు మనకు తెలుసు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టిన తండ్రి, కన్సల్టెన్సీ మాట నమ్మి ఊరూపేరూ తెలియని ప్రైవేటు కాలేజీకి మొదటి విడత కట్టేసిన కుటుంబం, గది దొరక్క ఒకే గదిలో సర్దుకుంటున్న పిల్లలు. బొలోన్యా విద్యార్థి కూడా డబ్బు కట్టాడు. అతనికి పట్టు వచ్చింది కలిసి కట్టినందుకు. మనవాళ్లు ఎవరికివారు కడుతున్నారు, ఎవరికివారు గది వెతుక్కుంటున్నారు, వీసా ఆఫీసు ముందు ఎవరికివారు భయపడుతున్నారు. మోసపోయినవాడు సిగ్గుతో నోరు విప్పడు. పక్కవాడు మళ్లీ అక్కడే మోసపోతాడు.

అందుకే వెళ్లబోయే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. మీరు అక్కడికి సభ్యులుగా వెళ్లండి. జర్మనీలో చాలా రాష్ట్రాల్లో సెమిస్టర్ రుసుము కట్టిన ప్రతి విద్యార్థీ, ఏ దేశస్థుడైనా, విద్యార్థి సంఘంలో సభ్యుడే. విద్యార్థి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు, నిలబడొచ్చు. ఆ సంఘాల్లో న్యాయసలహా ఇచ్చేవాళ్లు చాలాచోట్ల ఉంటారు. స్వీడన్‌లోని ఉప్సలా, లుండ్ విశ్వవిద్యాలయాల్లో ‘నేషన్లు’ అనే పాత విద్యార్థి సంఘాలు నేటికీ నడుస్తున్నాయి. వాటి తలుపులు విదేశీ విద్యార్థులకూ తెరిచే ఉన్నాయి. కొన్నిటికి సొంత వసతి గృహాలున్నాయి. ఉగాదికీ, బతుకమ్మకూ కలిసే మన సంఘాలు మంచివే. అవి అద్దె ఒప్పందం చదివిపెట్టే సంఘాలు కూడా కావాలి. ఏ కాలేజీకి గుర్తింపు ఉందో, ఏ పట్టా చెల్లుతుందో సీనియర్లు జూనియర్లకు ఉచితంగా చెప్పే సంఘాలు కావాలి.

ఇక్కడున్న మనకూ ఈ చరిత్ర ఒక పని అప్పగిస్తోంది. రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జి నుంచి వచ్చి బరోడాలో, మైసూరులో పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. 1930లో ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆ పదవి వదిలేశారు. అలాంటి మనిషి నిలబెట్టిన విశ్వవిద్యాలయానికి, హైదరాబాదులోని ఉస్మానియాకు ఇవాళ ఆఫ్రికా నుంచి, పొరుగు దేశాల నుంచి విద్యార్థులు వస్తున్నారు. రంగు చూసి ఇల్లు లేదంటే, ఒక్కడు తప్పు చేస్తే వాళ్ల దేశస్థులందరినీ దొంగల్లా చూస్తే, 1150లకు ముందున్న బొలోన్యాకూ మనకూ తేడా ఏముంది? మన పిల్లల కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌లో కోరుకుంటున్నవన్నీ మనం ముందు విశాఖలో, హైదరాబాదులో ఇచ్చి చూపాలి. విశ్వవిద్యాలయం పూచీతో అద్దె ఇళ్లు, పోలీసు నమోదులో తోడుండే మనిషి, విద్యార్థి సంఘంలో ఓటు. ఈ మూడింటితో మొదలుపెట్టమని ఇక్కడున్న పాలకమండలి పెద్దలను చేతులు జోడించి కోరుతున్నాను.