పల్లెపదము – పట్నపు వాద్యము

జానపద గేయము పల్లెలో పుట్టి పల్లెలోనే నిలిచిపోవునది కాదు. అది బాటసారి వంటిది. తిరునాళ్ళకు పోవును, రంగస్థలమెక్కును, గ్రామఫోను పలకపై తిరుగును, రేడియోలో వినవచ్చును. పోయిన చోటెల్ల కొంత వేషము మార్చుకొనును. ఈ మార్పు మేలా, కీడా అను తగవు ఈనాటిది కాదు. మన హైదరాబాదులో ఈ తగవు ఏ రూపమున నడచినదో, ఒక పాటగాండ్ర బృందము చరిత్రను ముందుంచుకొని విచారింతము.

తగవు మనకే పరిమితము కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్టు జానపద సంగీతోత్సవములో బాబ్ డిలాన్ అను యువగాయకుడు విద్యుత్ గిటారు చేతబట్టి వేదికనెక్కెను. అంతవరకు అతడు మామూలు గిటారుతోను, నోటితో ఊదు హార్మోనికాతోను పాడి జనాదరణ పొందినవాడు. ఆనాడు సభలో కొందరు మెచ్చుకొనిరి, కొందరు కేకలు వేసి నిరసించిరి. పల్లెపాటకు మైల సోకినదని వారి బాధ. ఆ సంవత్సరమే ‘ది బర్డ్స్’ అను బృందము డిలాన్ పాటనొకదానిని విద్యుత్ వాద్యములతో పాడి దేశదేశముల పేరు గాంచెను. ‘ఫోక్ రాక్’ అను మాట అప్పుడే ప్రచారములోనికి వచ్చినది.

తెలుగునాట అప్పటికే ఆ ప్రశ్న వేరొక రూపమున ఎదురై యుండెను. వింజమూరి సోదరీమణులు అనసూయాదేవి, సీతాదేవి పల్లెపదములను సేకరించి, స్వరపరచి, హార్మోనియముతో సభలలోను, రేడియోలోను పాడిరి. దంపుళ్ళ పాట పెద్దల కచేరీకి తగునా అని సంశయించిన కాలమున దానికి పీట వేసినవారు వీరు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యముపై సిద్ధాంత గ్రంథము వ్రాసి డాక్టరేటు పొందిరి. ఒక వంక గానము, ఒక వంక పరిశోధన. ఈ రెండింటి వలన పల్లెపాటకు పట్నములో గౌరవము కలిగినది. కాని పాట కట్టిన కూలివాడు మాత్రము ఆ సభలో కానరాడు.

ఆ కొరత తీర్చవలెనను తలంపు గల యువకులు కొందరు నగర శివారైన అల్వాలులో చేరిరి. వారిలో ముఖ్యుడు చిత్రకారుడును, పిమ్మట చలనచిత్ర దర్శకుడుగా ప్రసిద్ధుడును అయిన బి. నర్సింగరావు. వారి ‘ఆర్ట్ లవర్స్ అసోసియేషన్’ 1972లో ‘జననాట్య మండలి’గా మారినది. తూప్రానులో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు బుర్రకథకుడుగా ఈ బృందమున చేరెను. ఆయనయే తరువాత గద్దర్ అను పేర లోకమెరిగిన గాయకుడు.

వీరి పద్ధతి గమనింపదగినది. బుర్రకథలో కథకుడొకడు, వంతలిద్దరు. కథకుడు తంబుర మీటుచు, వేలి అందెలు మ్రోయించుచు చిందు వేయును; వంతలు డక్కీలు వాయించుచు ఒకడు హాస్యమును, ఒకడు లోకవార్తను అందించును. పాశ్చాత్య బృందములో గిటారు, డ్రమ్ములు, పల్లవినందుకొను గొంతులు చేయు పనియే ఇది. ఈ చట్రమునకు జననాట్య మండలి డప్పును చేర్చినది. కొయ్య చట్రమునకు తోలు బిగించిన డప్పును వాయించుటకు ముందు మంట సెగకు కాచెదరు. అప్పుడు తోలు బిగిసి స్వరము ఖంగున పలుకును. కుడిచేత లావైన చిర్ర, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల. ఊరి వెలుపల నుంచబడిన వారి వాద్యమది. చావుకు, చాటింపునకు పిలిచి, పనియైన పిదప దూరముగా నిలబెట్టిన వాద్యమది. అది వేదిక నడుమకు వచ్చుట సామాన్య విషయము కాదు. గోచీ, గొంగళి, కాలి గజ్జెలు, చేతికర్ర – ఈ వేషమును పల్లె నుండి నేరుగా వచ్చినదే.

వీరు పాత బాణీలకు కొత్త మాటలు కూర్చిరి. ఆ మాటలలో విప్లవ రాజకీయము నిండి యుండెను. దానితో ఏకీభవించు వారును, గట్టిగా విభేదించు వారును కలరు. ఆ చర్చ ఈ ప్రసంగమునకు మించినది. గద్దర్ కొన్ని సంవత్సరములు అజ్ఞాతమున గడపి 1990లో హైదరాబాదున ప్రజల యెదుటకు వచ్చెను. 1997 ఏప్రిలులో ఆయనపై కాల్పులు జరిగినవి. ఒక గుండు కడవరకు శరీరములోనే నిలిచిపోయినది. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూసెను.

ఇచట మనము మరువరాని సంగతి యొకటి కలదు. ‘బండెనక బండి గట్టి’ అను పాట తెలంగాణ సాయుధ పోరాటకాలమున బండి యాదగిరి కట్టినది. నర్సింగరావు నిర్మించి, గౌతం ఘోష్ దర్శకత్వమున 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రములో గద్దర్ దానిని పాడుచు తెరపై కనిపించెను. ఆ చిత్రమునకు సంగీతము కూర్చినవారిలో వింజమూరి సీతాదేవి యుండుట విశేషము. కచేరీ జానపదము, వీథి జానపదము అచట కలిసికొనినవి. కాని ఆ పాట గద్దర్‌దే యని తలచు వారు నేటికిని ఎందరో! పాడినవాని కీర్తి కట్టినవాని పేరును కప్పివేసినది. ఇందు పాడినవాని దోషము లేదు. విన్న మనము అడుగకపోవుటయే లోపము.

1998లో మాధాపురమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది మొదలు ఆ ప్రాంతపు రాళ్ళగుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి. అచటికి కొలువులకై వచ్చిన యువతీయువకులలో పల్లెల బిడ్డలెందరో కలరు. గత దశాబ్దమున నగరమున వెలసిన ‘చౌరస్తా’ బృందము, రామ్ మిర్యాల గొంతుతో, పట్నముతో విసిగి ఊరికి మరలిపోదునను యువకుని పాటను గిటారుపై పాడగా ఆ యువతరము తమ మనసులోని మాటగా విన్నది. 2025 జూన్ 14న అదే ప్రాంతపు హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వము గద్దర్ పేర చలనచిత్ర పురస్కారములను ప్రదానము చేసినది. గొంగళి కప్పుకొని వీథిలో పాడిన వాని పేరు అద్దాల మేడల చెంతకు చేరుటకు అర్ధశతాబ్ది పట్టినది.

కావున పల్లెపాటకు హార్మోనియము తోడైనను, డప్పు తోడైనను, విద్యుత్ గిటారు తోడైనను భయపడవలసిన పనిలేదు. చీర మార్చినంత మాత్రమున తల్లి మారదు. భయపడవలసినది మరుపునకు. పాట ఏ పనిలో, ఏ బాధలో పుట్టినదో, ఎవరు కట్టిరో చెప్పి పాడిన నాడు అది ఎంత దూరమేగినను తన ఊరి పేరు చెప్పుకొనగలదు. మీ ఇంట మీ అమ్మమ్మ పాడు పాట యేదైన నున్నచో, ఆమె యెవరి నోట నేర్చినదో నేడే అడిగి వ్రాసికొనుడు. ఆ వాద్యము ఈ వాద్యము అను తగవు తరువాత తీర్చుకొనవచ్చును.