రాత్రి నకలు

నేను శ్రీనగర్ కాలనీలో నివసించుచున్నాను. సినిమా ఎడిటింగు పని చేయు నా పొరుగింటి యువకుని కంప్యూటరు పగలెల్ల పనిలో నుండును. వేఱొక డిస్కునకు నకలు తీయుటకు రాత్రి పదిగంటలనుండి తెల్లవాఱుజామున నైదుగంటల వఱకే వ్యవధి. సర్వమును దినదినము నకలు చేయఁబూనిన నది తెల్లవాఱినను ముగియదు. సగము నకలు నకలే కాదు.

కావున సెలవుదినమగు నాదివారమునాఁడు పూర్తి నకలు తీయును. తక్కిన రాత్రులయందు, వర్తకుని చిట్టావలె, ఆనాఁడు మాఱినదానినే తీయును. మూలము చెడిన నీ భాగములన్నియు వరుసగాఁ గావలయును. నడుమ నొక్కటి లోపించిన లెక్క తప్పును.

కడచిన వేసవిలో మూలము చెడెను. తెఱచి చూడఁగా బుధవారపు నకలు శూన్యము! అందొక వృద్ధనటుని సన్నివేశ ముండెను. మరలఁ దీయుదమన్న నాయన యప్పటికే స్వర్గస్థులైరి. నాటినుండి యతఁడు మరలఁ దీయ వీలులేనిదానికే ముందు నకలు తీసి, వ్యవధిలోఁ గడపటి గంటను సరిచూచుటకే యుంచుచున్నాఁడు.

19వ శతాబ్దిలోఁ గడపయందు సి. పి. బ్రౌను దొర పండితులచేఁ దాళపత్రములకు నకళ్లు వ్రాయించి, పాఠములను సరిపోల్పించెను. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కో, నేఁడు నకలైనను లభించుట లేదు. మన దస్త్రములకును నకలు తీయుదము. తీసినదానిని చదివి చూతము.