ఎదురుగాలిలో సైకిలు సవారి



నేను సికిందరాబాదులో ముప్పదియైదేండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి గొనినవాడను. వ్యాకరణము నా వృత్తి. సైకిలు నా వాహనము. నేడు వ్యాకరణమును ప్రక్కకుంచి, ఆ వాహనమును గూర్చియు, దానికి విరోధియగు గాలిని గూర్చియు నాలుగు మాటలు విన్నవించెదను. మీ గ్రామములందును పొలమునకును, బడికిని, అంగడికిని పోవుటకు సైకిలే పలువురకు ఆధారము గదా.

సికిందరాబాదునుండి హైదరాబాదునకు బోవు త్రోవలో హుస్సేన్‌సాగరు కట్ట కలదు. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1562 ప్రాంతమున ఆ చెరువు నిర్మింపబడినది. కట్ట చెరువునకు తూర్పుదెస నున్నది. నైరృతి ఋతుపవనముల కాలమున గాలి పడమటినుండి వీచును. నీటిమీద దానికి చెట్టు అడ్డము లేదు, గోడ అడ్డము లేదు. కావున కట్టపై దక్షిణముగా బోవువానికి గాలి కుడిప్రక్కను గట్టిగా తగులును.

తూర్పారబట్టు రైతునకు గాలి చెలికాడు. సైకిలువానికి అట్లు కాదు. గాలి తాకుడు వేగము రెట్టింపైనచో దాని అడ్డు రెట్టింపు మాత్రమే కాదు, నాలుగు రెట్లగును. గంటకు 12 కిలోమీటర్లు పోవువానికి అంతే వేగముగల గాలి ఎదురైనచో, వాని మేనికి తగులునది 24 కిలోమీటర్ల గాలి. అందుచే కాళ్ళలోని సత్తువ కరగిపోవును.

పోవునపుడు ఎదురైన గాలి వచ్చునపుడు వెనుకనుండి త్రోయును గావున లెక్క సరిపోవునని కొందరు తలంతురు. సరిపోదు. ఊరు 12 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొనుడు. గాలిలేని దినమున పోయి వచ్చుటకు రెండు గంటలు చాలును. ఎదురుగాలి వలన వేగము 8 కిలోమీటర్లకు తగ్గినచో పోవుటకు గంటన్నర. తిరుగుదారిలో 16 కిలోమీటర్లకు పెరిగినచో వచ్చుటకు ముప్పాతిక గంట. మొత్తము రెండుంబాతిక గంటలు. గాలి తీసికొనినదంతయు తిరిగి ఈయదు.

ఈ లెక్క తెలిసియు నేనొక తప్పు చేసితిని. సుమారు నలువదియేండ్ల క్రిందట, ఆషాఢమాసమున, పద్యపఠన పోటీకై ఒక విద్యార్థిని వెనుక గూర్చుండబెట్టుకొని ఆ కట్టపై బోవుచుంటిని. గాలి విపరీతముగా నుండెను. "పంతులుగారూ, దిగి నడుతమండీ" అని బాలుడు రెండుమారులు వేడెను. "వేళ మించిపోవును, పట్టుకొని కూర్చుండుము" అని కసరితిని. నిజమునకు వేళ మించలేదు. దారినబోవువారి యెదుట దిగుట నాకు నామోషియైనది. గాలికి కుడివైపు ఒరగి త్రొక్కుచుండగా, ఒక లారీ కుడిప్రక్కనుండి దాటెను. దాని చాటున గాలి ఒక్కసారిగా ఆగెను. ఒరగిన మేను లారీవైపే వాలెను. భయపడి ఎడమకు లాగితిని. లారీ దాటినంతనే గాలి మరల కొట్టి మమ్ము పడద్రోసెను. నాకు మోకాలు గీచుకొనెను. బాలునికి మణికట్టు విరిగెను.

వాని తండ్రి నన్నొక్క మాటయు అనలేదు. అనియున్నచో నాకు తేలికగా నుండెడిది. కట్టు విప్పువరకు ప్రతిదినము వారి యింటికి బోయి పాఠము చెప్పితిని. ఆ పోటీ మాత్రము వానికి మరల రాలేదు.

కావున మనవి చేయుచున్నాను. బ్రిటిషు నౌకాదళాధికారి బ్యూఫర్టు 1805లో గాలిబలమునకు మెట్లు ఏర్పరచెను. తరువాతివారు వానికి నేలమీది గుర్తులను జేర్చిరి. దుమ్మును కాగితములును లేచినచో నాలుగవ మెట్టు. అప్పుడు జాగ్రత్త వలయును. గొడుగు నిలుపుట కష్టమైనచో ఆరవ మెట్టు, అనగా గంటకు సుమారు 40 మొదలు 50 కిలోమీటర్లు, అప్పుడు దిగవలయును. పంచెకొంగును, కండువాను బిగించి కట్టుడు. గొడుగు విప్పి సవారి చేయకుడు. గోడగాని, లారీగాని గాలిని మరుగుపరచు చోట ముందే వేగము తగ్గించుడు. వెనుక పిల్లవాడున్నచో వాని మాట వినుడు.

సైకిలు దిగి నడచుట ఓటమి కాదు. మీ మనుమలకు త్రొక్కుట నేర్పునాడే, దిగుటయు నేర్పుడు.