నీటి జాతకం చదివే చేతిపెట్టె
(మా సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



శాస్త్రజ్ఞులు మాట్లాడవలసిన విషయమును రైల్వే గుమాస్తాలమైన మేము ఎత్తుకొన్నందుకు మన్నించవలెను. బరంపురం నుండి ఖుర్దారోడ్డుకు పోయే బండిలో కిటికీ ప్రక్కన కూర్చుండి చిలికా సరస్సును చూడనివారు ఈ సభలో ఉండరు. ఆ నీటిని గురించే మా నాలుగు మాటలు.

నదులు తెచ్చిన ఒండ్రు పేరుకొని, సముద్రపు మొగ పూడుకొనిపోయి, ఒకప్పుడు చిలికాలో ఉప్పదనం తగ్గింది. చేపలు, రొయ్యలు తగ్గినవి. వలను నమ్ముకొన్న సంసారములు చితికినవి. 2000లో క్రొత్త మొగ త్రవ్విన పిమ్మట గాని సరస్సు తేరుకోలేదు. జబ్బు ముదిరిన తరువాత వైద్యుడు వచ్చినట్లయినది. ముందుగానే నాడి చూడగలిగితే ఎంత బాగుండును!

అట్టి సాధనములు నేడు వచ్చినవి. చేప గాని, కప్ప గాని, డాల్ఫిన్ గాని నీటిలో తిరిగినపుడు దాని చర్మపు పొట్టు, జిగురు, మలము నీటిలో కలుస్తవి. వాటిలో ఆ ప్రాణి డి.ఎన్.ఏ. ఉంటుంది. అది నాలుగే అక్షరములతో వ్రాసిన జన్మపత్రిక వంటిది. నీటిని వడగట్టి డి.ఎన్.ఏ.ను పట్టి, చిన్న యంత్రంలో మార్చి మార్చి వేడిచేసి చల్లార్చుతారు. విడతకొకసారి అది రెట్టింపవుతుంది. లెక్క ప్రకారం 30 విడతలకు ఒక్క ప్రతి 100 కోట్లు దాటుతుంది. పిమ్మట ఆ అక్షరములను చదివి ఏ ప్రాణిదో తెలుసుకొంటారు. జంతువును పట్టనక్కరలేదు, హింసించనక్కరలేదు. మన హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఈ చిలికా నీటినే తీసికొని ఇట్లు పరీక్షించినారు.

ఇదివరలో అక్షరములు చదివే యంత్రము ప్రయోగశాల గదిలోనే ఉండేది. నమూనాలను మంచులో పెట్టి దూరానికి పంపి కాచుకొనవలసి వచ్చేది. ఎండలో పార్శిలు నిలిచిపోతే లోపలి సరుకు గతి ఏమగునో మా ఉద్యోగములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ కంపెనీవారి మినయాన్ అనే సాధనం తూకం సుమారు 90 గ్రాములు. కంప్యూటరుకు తగిలించి పని చేసికొనవచ్చును. 2016లో కేట్ రూబిన్స్ అనే ఆమె అంతరిక్ష కేంద్రంలోనే దీనితో డి.ఎన్.ఏ. చదివినది. ఈక్వడారు అడవి నడుమ దీనితో పాము మొదలగు జంతువులను గుర్తించిన వివరములు 2018లో అచ్చయినవి.

అయితే పెట్టె చిన్నదైనంత మాత్రాన పని చిన్నది కాదు. ఏ అక్షరములు ఏ ప్రాణివో తెలిపే జాబితా ముందుగా తయారై ఉండవలె. అది లేకుంటే చిరునామా లేని పార్శిలు చేతికి వచ్చినట్లే. ఆనవాలు దొరికినదంటే ప్రాణి అక్కడనే ఉన్నదని కాదు. ప్రవాహంలో కొట్టుకొని రావచ్చును. ఎన్ని ప్రాణులున్నవో కూడ అది సరిగా చెప్పలేదు. కనుక పడవవాని కంటికీ, అనుభవానికీ ఇది తోడే గాని బదులు కాదు.

ఉగాదినాడు పంచాంగం విని మన ఆదాయవ్యయములు తెలుసుకొంటాము. మన తాతలు పొట్ట చేతబట్టుకొని వస్తే అన్నం పెట్టిన నేల ఇది. దీని నీటి ఆదాయవ్యయములు కూడ మనం విచారించవద్దా? మన పిల్లలలో ఒకరిద్దరైన ఆ చేతిపెట్టెతో చిలికా ఒడ్డున నిలువవలెనని మా కోరిక.