జంట జనరేటరులు: వాని వాడుక, జాగ్రత్తలు



2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినపుడు విద్యుత్ స్తంభములు వేలకొలది నేలకూలెను. అనేక గ్రామములు దినముల తరబడి చీకటిలో నుండెను. అట్టి వేళ చేతితో మోయదగిన ఇన్వర్టరు జనరేటరు మిక్కిలి అక్కఱకు వచ్చును. ఒకటి చాలనిచో రెండింటిని జతపఱచి వాడుకొను పద్ధతియు నేడు కలదు. దాని మర్మమును గ్రామస్థులు ఎఱిగియుండుట మేలు.

చేనికి గూడ వేయు ఇద్దఱు మనుష్యులను తలచుకొనుడు. ఇద్దఱి ఊపు ఒక్కటైననే నీరు గట్టెక్కును. ఇండ్లకు వచ్చు విద్యుత్తును సెకనుకు 50 పర్యాయములు ఊగుచుండును. రెండు యంత్రముల ఊపులు సరిపోలక కలిసినచో, ఒకదాని ప్రవాహము రెండవదానిపై విరుచుకొనిపడి రెండును చెడిపోవచ్చును.

పాతరకపు జనరేటరులో ఈ ఊపు ఇంజను వేగమును బట్టి యుండును. కావున రెండు ఇంజనులను ఒక్క వరుసను నడపుట కష్టము. ఇన్వర్టరు రకమున ఇంజను పుట్టించిన విద్యుత్తు మొదట ఏకముఖ ప్రవాహముగా మాఱును. పిమ్మట ఎలక్ట్రానిక్ సాధనము దానిని 50 ఊపుల ప్రవాహముగా తీర్చును. జతపఱచినపుడు ఒక యంత్రము రెండవదాని ఊపును కనిపెట్టి, ఆ తాళమునకే నడచి, భారమును పంచుకొనును.

ఇందులకు తయారుదారు అనుమతించిన యంత్రములను, వానికై చేసిన కేబులునే వాడవలెను. ఇంజనులు ఆగియుండగా కేబులు తగిలించి, రెండింటిని నడిపి, ఆ పిమ్మటనే దీపములు, పంకాలు కలుపవలెను. నడచుచుండగా కేబులును ఊడదీయరాదు.

1600 వాట్ల యంత్రములు రెండు కలిసిన 3200 వాట్లగును. అంతమాత్రమున ప్రతి మోటారు తిరుగుననుకొనరాదు. 1 హార్సుపవరు అనగా 746 వాట్లే యైనను, మోటారు కదలునపుడు లాగు కరెంటు పిమ్మటి దానికి ఐదాఱు రెట్లుండవచ్చును.

ప్రాణాపాయములు రెండు కలవు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది నిద్రలోనే ప్రాణము తీయును. కావున వసారాలో సైతము పెట్టక, కిటికీలకు దూరముగా ఆరుబయట ఉంచవలెను.

రెండవది అంతకన్న ఘోరము. జనరేటరును ఇంటి ప్లగ్గులో గ్రుచ్చినచో ఆ విద్యుత్తు వీధి తీగలకు ప్రాకి, ట్రాన్స్‌ఫార్మరులో ఎదురెక్కి, 11,000 వోల్టుల తీగకు చేరగలదు. కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలియగును. లైసెన్సుగల ఎలక్ట్రీషియను అమర్చిన చేంజోవరు స్విచ్చి లేక ఇంటి వైరింగునకు కలుపరాదు.

ఊరికి వెలుగు తెచ్చుటకు వచ్చినవాని ఇంట చీకటి నింపకుండుట ప్రతి గృహస్థుని ధర్మము.