మోచేతి నొప్పి – చేతితో చేసే పరీక్షలు



ఆటలో పడి వచ్చిన పిల్లవాడు మోచెయ్యి నొప్పి అనగానే ఇళ్ళలో ముందుగా వెదకేది నూనె సీసా. వైద్యుడు ముందుగా రెండు చేతులూ చాపించి పక్కపక్కన చూస్తాడు. దెబ్బ తగిలిన చేయి పూర్తిగా చాచుకొంటున్నదా? ప్రశ్న చిన్నదే. 2008లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశీలనలో, చేయి పూర్తిగా చాచగలిగిన పెద్దలలో ఎముక విరిగినవారు నూటికి ఇద్దరికి లోపే; పిల్లలలో సుమారు నలుగురు. కనుక పిల్లల విషయంలో చాచగలిగినా నిశ్చింత పనికిరాదు. చాచలేకపోతే ఎక్స్‌రే తప్పదు, మర్దన తగదు.

దెబ్బ తగలకుండానే వచ్చే నొప్పి వేరు. అది బయటి వైపున ఉంటే, పిడికిలి బిగించి మణికట్టును పైకెత్తమని, వైద్యుడు దానిని కిందికి నొక్కుతాడు. అప్పుడు మోచేతి బయటి ఎముక వద్ద నొప్పి పుడితే అది సాధారణంగా టెన్నిస్ ఎల్బో. 2004లో సచిన్ టెండూల్కర్‌ను బాధించినది ఇదే. టెన్నిస్ రాకెట్ పట్టనివారికి సైతం ఇది రావడం విచిత్రమేమీ కాదు.

లోపలి వైపు నొప్పి జావెలిన్, బంతి బలంగా విసిరేవారిది. అక్కడ ఎముకను ఎముకతో కట్టి ఉంచే సంధి బంధనం ఒకటున్నది. విసిరినప్పుడల్లా దానిపై లాగుడు పడుతుంది. 1974లో అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు టామీ జాన్‌కు అది తెగగా, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ రెండవ ముంజేతి నుండి స్నాయువును తీసి అమర్చారు. జాన్ 1976లో తిరిగి ఆడాడు. పూర్తిగా తెగనప్పుడు కనిపెట్టడమే కష్టం. ముంజేతిని బయటికి నెట్టి పట్టి, ముడిచిన మోచేతిని చప్పున చాపే పరీక్ష 2005లో వెలువడింది. 120 నుండి 70 డిగ్రీల మధ్య, విసిరేటప్పటి నొప్పే తిరిగి కలిగితే బంధనాన్ని అనుమానించాలి. శస్త్రచికిత్స జరిగిన 21 మందితో సరిచూడగా, బంధనం దెబ్బతిన్న 17 మందినీ అది పట్టుకొన్నది. బాగున్న నలుగురిలో ఒకరిని తప్పుగా చూపింది. సంఖ్య చిన్నదన్నది మరువరాదు.

ఎదిగే పిల్లలలో బంధనం కంటె, అది అంటుకొన్న ఎముక మొన వద్దనున్న ఎదుగుదల పొర బలహీనం. ముందుగా దెబ్బతినేది అదే. కొన్ని వారాలు విసరడం మానిపిస్తే చాలావరకు మానుతుంది. ఆడిస్తూ పోతే మొన విడిపోవచ్చును. అయితే నొప్పి అంటే పోటీలో పేరు తీసివేస్తారని పిల్లలు దాచుకొంటారు. అందుచేత వ్యాయామోపాధ్యాయులు పోటీల ముందు విసిరే పిల్లలందరి చేతులూ చాపించి చూడవలెను. బలవంతంగా లాగరాదు. చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నదా అని కూడ అడగవలెను. మోచేతి వెనుకగా పోయే నరం నలిగితే తెలిసేది అక్కడే. మిగిలిన పరీక్షలు వైద్యునికి విడువవలసినవి.